బిడ్డల వృత్తి నిర్ణయము



పదవ తరగతి పరీక్షా ఫలితములు వెలువడిన నాటి సాయంకాలమున మన పల్లెల రచ్చబండలయొద్ద జరుగు సంభాషణ మీరెల్లరు ఎరిగినదే. ఎవరి పిల్లవానికి ఎన్ని మార్కులు వచ్చినవి, ఎవరు ఏ కాలేజీలో చేరబోవుచున్నారు, అచ్చట ఫీజు ఎంత అని ఒక గడియసేపు మాటలు సాగును. ఆ గడియ ముగియునప్పటికి ఊరిలోని పదునైదేండ్ల పిల్లలలో పెక్కుమంది జీవితమార్గము నిర్ణయమైపోవును. చిత్రమేమనగా, అంతసేపటి సంభాషణలో పిల్లవాని నోట వెలువడిన మాట ఒక్కటియు ఉండదు.

నేను ముప్పదియైదు సంవత్సరములు తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టి సాయంకాలములందు పెక్కుమారులు నన్నును పిలిచి సలహా అడిగిరి. నేనును వెనుదీయక చెప్పితిని. చెప్పినవానిలో కొన్ని ఫలించినవి. ఒకటి మాత్రము నేటికిని నా మనస్సును బాధించుచున్నది. దానిని దాచక మీకు చెప్పి, దానివలన నేను నేర్చుకొన్న విషయమును విన్నవించుటయే నేటి నా ప్రసంగమునకు ఉద్దేశము.

అది 2004వ సంవత్సరము. పల్నాటి ప్రాంతమున ఒక గ్రామపు హైస్కూలులో పనిచేయుచుంటిని. పదవ తరగతిలో ఒక రైతుబిడ్డ ఉండెను. చదువులో తరగతికి రెండవవాడో మూడవవాడో. అయినను పాఠము వినునప్పటికంటె, పాఠశాల బోరుబావి మోటారు చెడినప్పుడే అతని ముఖమున వెలుగు కనబడెడిది. మండల కేంద్రమునుండి మెకానిక్కు వచ్చులోపల ఇతడు మోటారు చుట్టును తిరిగి, చెవి యొగ్గి విని, లోపమెక్కడనున్నదో చెప్పెడివాడు. పలుమారులు ఆ మాటయే నిజమయ్యెడిది. నేను మాత్రము, "చదువుకొనవలసినవాడవు, నీకీ జిడ్డుపని యేల?" అని మందలించి తరగతిలోనికి తీసికొనిపోయెడివాడను.

ఫలితములు వచ్చిన నాడు అతని తండ్రి మా యింటి అరుగుమీద కూర్చుండి సలహా అడిగెను. నేను క్షణమైన ఆలోచింపక, పట్టణమున వసతిగల కాలేజీలో ఎం.పి.సి. చదివింపుమనియు, పిల్లవాడు తప్పక ఇంజనీరగుననియు చెప్పితిని. ఆయనకు ఉన్నది మూడున్నర ఎకరముల రేగడి. అందులో ఎకరమున్నర అమ్మి ఫీజు కట్టెను. నా మాట మన్నించెనని నేను సంతోషించితిని.

పిల్లవాడు మొదటి సంవత్సరము రెండు పరీక్షలు తప్పెను. రెండవ సంవత్సరము మరి రెండు తప్పెను. మరుసటి యేడు అవియే పరీక్షలు మరల వ్రాయుచు, ఒకనాటి రాత్రి పెట్టె చేతబట్టుకొని ఇల్లు చేరెను. అటుపై రెండేండ్లు పగటిపూట వీధిలోనికి రాలేదు. నేనెదురైనచో సందులోనికి మరలిపోయెడివాడు. తుదకు మేనమామ అతనిని నరసరావుపేటకు తీసికొనిపోయి, మోటార్లకు వైండింగు చేయు ఒక అంగడిలో కుదిర్చెను. ఆరు నెలలలో అంగడి యజమాని పెద్దపనులు సైతము అతనికి అప్పగింపసాగెను. పిదప ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను శిక్షణ రెండేండ్లు పూర్తిచేసి, నేడు మండల కేంద్రమున సొంత అంగడి పెట్టుకొని, ఇద్దరికి పని నేర్పుచున్నాడు. అతడు నిలదొక్కుకొనెను. అమ్మిన ఎకరమున్నర మాత్రము తిరిగి రాలేదు. పోయిన అయిదేండ్లును తిరిగి రాలేదు.

ఆ తండ్రి నన్ను ఒక్క పరుషవాక్యమైనను పలుకలేదు. ఒకనాడు దారిలో కలిసినపుడు, "మేష్టారూ, తమరు మావాడి మార్కులు చూశారుగానీ, చేతులు చూడలేదండీ" అని మాత్రము అనెను. ఇన్నేండ్లైనను ఆ మాటను నేను మరువజాలకున్నాను.

అందు నాకు మరింత సిగ్గు గొలిపిన సంగతి యేమనగా, ఆ నిర్ణయమునకు వలసిన కొలత నాయొద్దనే ఉండెను. శాస్త్రము చదువుకొన్న ప్రతివాడును మొట్టమొదట నేర్చుకొను మాట ఒకటి కలదు. దానిని అనుబంధ చతుష్టయమందురు. ఏ శాస్త్రమునైనను ఆరంభించుటకు పూర్వము నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలెను. దీనికి అధికారి ఎవడు? దీని విషయమేమి? దీనికిని ఫలమునకును సంబంధమేమి? దీని ప్రయోజనమేమి? ఈ నాలుగును తేలనిదే గురువు పాఠము ప్రారంభింపడు. ఇక్కడ అధికారి యనగా కలెక్టరుగారు కాదు. ఆ శాస్త్రమునకు తగినవాడు అని అర్థము. నేను ఈ నాలుగింటిని ఏటేట వల్లె వేయించితిని. ఒక బిడ్డ బ్రతుకును గురించి సలహా చెప్పవలసివచ్చినపుడు మాత్రము నాలుగవదానినే తలంచి, తక్కిన మూటిని మరచితిని. మన ఊళ్లలో జరుగుచున్నదియు ఇదియే. జీతమెంత వచ్చునని అందరమును అడుగుదుము. ఎవనికి తగునని అడుగువారు అరుదు.

మొదట అధికారిని గూర్చి చెప్పెదను. మీరు భూమిని ఎరిగినవారు. రేగడిలో పత్తి పెట్టుదురు, ఎఱ్ఱచెలకలో వేరుసెనగ చల్లుదురు, చౌడునేలయైనచో ముందు దానిని బాగుచేసికొందురు. ప్రక్కచేనివాడు మిరప వేసెనని తన నేలను చూచుకొనక మిరప వేసి నష్టపడినవారు ప్రతి ఊరిలోను కలరు. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లని వారిని చూచి మనమే నవ్వుదుము. బిడ్డ విషయమున మాత్రము పొరుగువాని చేనే మనకు ప్రమాణమగుచున్నది.

బిడ్డ యే నేలయో తెలియుటెట్లు? మార్కుల పట్టిక వలన కొంతయే తెలియును. పరీక్ష మూడు గంటలది, పిల్లవాడు మన కన్నులయెదుట పదునైదేండ్లు పెరిగినవాడు. చెప్పనిదే అతడు చేయు పని యేదో చూడుడు. ఒకమారు చెడినను విసుగు లేక మరల మొదలిడు పని యేదో చూడుడు. ఇరుగుపొరుగువారు ఏ అవసరమునకు అతనిని కేకవేయుదురో గమనింపుడు. లెక్క సరిచూచుటకు పిలుతురా, రోగికి తోడుగా ఆసుపత్రికి పంపుదురా, చెడిన వస్తువు బాగుచేయుటకు పిలుతురా, తగవు పడిన పిల్లలను సమాధానపరచుటకు పిలుతురా? ఊరు పదిమార్లు ఒకే పనికి ఒక బిడ్డను పిలిచెనేని, అది ఊరు ఇచ్చిన యోగ్యతాపత్రమే యగును.

మార్కులు తక్కువ వచ్చిన బిడ్డల తలిదండ్రులకు ఒక మాట. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు ఉత్తీర్ణులైరి. మద్రాసు వైద్య కళాశాలలో చదివియు ఎం.బి.బి.ఎస్. పట్టమును పొందలేక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతతో తృప్తిపడవలసివచ్చెను. అట్టివారు అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనలు చేసి, పిదప లెడర్లీ అను ఔషధ సంస్థలో 1940లో చేరి, ఫోలిక్ ఆమ్లమును తయారుచేయుటకును, ఆరియోమైసిన్ వంటి మందులు వెలువడుటకును మార్గదర్శకులైరి. 1948లో గతించిరి. నేడు మన ఊరి ఆరోగ్య కేంద్రమున గర్భవతులకిచ్చు ఐరన్ మాత్రలో ఆ ఫోలిక్ ఆమ్లము కలదు. పరీక్ష తప్పినవారెల్ల సుబ్బారావులు కారు. ఆ భ్రమ వలదు. కాని తప్పినంత మాత్రమున బిడ్డను పనికిమాలినవాడని రచ్చబండమీద తీర్మానించు హక్కు ఎవ్వరికిని లేదని ఆ చరిత్ర తెలుపుచున్నది.

రెండవది విషయము. ఇంజనీరు, డాక్టరు, ఆఫీసరు అను పేర్లు మనకు తెలియును. ఆ పేరుగలవాడు ప్రొద్దుట మొదలు సాయంకాలమువరకు ఏమిచేయునో మనలో ఎందరికి తెలియును? పేరునుబట్టి వృత్తిని ఎన్నుకొనుట, పేరునుబట్టి సంబంధము కుదుర్చుకొనుట వంటిది. విత్తనము కొనితెచ్చినపుడు మీరేమి చేయుదురు? నూరు గింజలు లెక్కించి, తడిగోనెలో చుట్టిపెట్టి, ఎన్ని మొలకెత్తినవో చూచి గాని చేను తడుపరు. బిడ్డకును అట్లే మొలక కట్టి చూడుడు. పదవ తరగతి పరీక్షలు ముగిసిన నాటినుండి కాలేజీలు తెరచువరకు సుమారు రెండు నెలల సెలవులుండును. ఆ దినములలో అతడు కోరిన వృత్తిలోనివారియొద్దకు పంపి, వారి పనిని చూచి రమ్మనుడు. వ్యవసాయాధికారి వెంట ఒక వారము తిరుగనిండు. మందుల అంగడిలోనో, బ్యాంకులోనో, కుట్టుపని చేయువారియొద్దనో, ఆరోగ్య కేంద్రములోనో కూర్చుండి చూడనిండు. ఇది కూలికి పెట్టుట కాదు సుమా! పదునాలుగేండ్లలోపు బిడ్డలను పనికి పెట్టుటయు, పదునెనిమిదేండ్లలోపువారిని ప్రమాదకరమైన పనులలో పెట్టుటయు చట్టవిరుద్ధము. చూచి, ప్రశ్నించి, ఇంటికి వచ్చి చెప్పుటయే ఇందలి ఉద్దేశము. వారము దినములు చూచి వచ్చిన పిదపను అతని కోరిక తగ్గనిచో, ఆ విత్తనము మొలకెత్తినదని తెలిసికొనుడు.

విషయమును లోపలినుండి ఎరిగినవాని బుద్ధి ఎట్లు వికసించునో తెలుపుటకు ఒక ఉదాహరణము చెప్పెదను. ఆలేరు సమీపమునందలి శారాజీపేటలో చింతకింది మల్లేశముగారు చేనేత కుటుంబమున పుట్టిరి. ఆరవ తరగతితో బడి మానవలసివచ్చెను. పోచంపల్లి చీరకు ఆసు పోయుటలో ఒక్క చీరకే సుమారు తొమ్మిదివేల మారులు చేయి ఇటునటు ఆడింపవలెను. ఆ పనిచే తన తల్లి భుజము నొచ్చుట చూచి, ఆమె శ్రమను తప్పింపవలెనని యేండ్ల తరబడి పాటుపడి, 1999లో ఆయన ఒక యంత్రమును సిద్ధపరచిరి. తల్లి పేరున దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టిరి. 2017లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ పురస్కారమునిచ్చెను. బడి మానుట మంచిదని చెప్పుటకు నేను దీనిని చెప్పలేదు. చేతిపనిలో బుద్ధికి చోటు లేదని తలంచువారి కొరకు చెప్పితిని. నేను ఆ రైతుబిడ్డను జిడ్డుపని యని మందలించిన నాడు, నాయందు ఉండిన అజ్ఞానము అదియే.

మూడవది సంబంధము. చదువునకును బ్రతుకుతెరువునకును నడుమ వంతెన ఉన్నదా యని చూచుట. ఇంటర్మీడియటు ఒక్కటే దారి యని పెక్కుమంది తలంపు. పదవ తరగతి పిమ్మట మూడేండ్ల పాలిటెక్నిక్ డిప్లొమా కలదు. పాలిసెట్ పరీక్ష వ్రాసి అందు చేరవచ్చును. వ్యవసాయ విశ్వవిద్యాలయములవారి పాలిటెక్నిక్కులలో వ్యవసాయ డిప్లొమా రెండేండ్లు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను, ఫిట్టరు శిక్షణలు రెండేండ్లు, వెల్డరు శిక్షణ ఒక యేడు. 1961 నాటి అప్రెంటిసు చట్టము ననుసరించి కర్మాగారములలో పని నేర్చుకొనుచు భృతి పొందు అవకాశమును కలదు. మంచి మార్కులు పొందిన పల్లెబిడ్డలకై 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము వలన నూజివీడు, ఇడుపులపాయ, బాసర మున్నగు చోట్ల ఆరేండ్ల ఇంజనీరింగు చదువు లభించుచున్నది.

ఈ దారులలో పెక్కింటికి నడుమ తలుపులు కలవు. డిప్లొమా ముగించినవారు ఇసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చును. పనిచేసికొనుచునే పట్టభద్రులు కాగోరువారికి 1982లో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు. నేడు అది డాక్టర్ అంబేద్కర్ పేర నడచుచున్నది. కావున మొదటి అడుగుతోనే జీవితమంతయు ముడిపడిపోయినదని బిడ్డను భయపెట్టకుడు. చేర్చుటకు ముందు ఆ సంస్థకు ప్రభుత్వ గుర్తింపు కలదా, అచ్చట క్రిందటేడు చదువు ముగించినవారు ఇప్పుడేమి చేయుచున్నారు అను రెండు ప్రశ్నలు తప్పక అడుగుడు. రెండవ ప్రశ్నకు సమాధానము కాగితముమీద చూచుటకంటె, చదివిన యిద్దరు ముగ్గురిని కలిసికొని తెలిసికొనుట మేలు. అంతవరకు భూమి అమ్ముటకు సంతకము పెట్టకుడు.

నాలుగవది ప్రయోజనము. జీతమునుగూర్చి అడుగుట తప్పు కాదు. కడుపు నిండనిది వృత్తి యనిపించుకొనదు. బ్రతుకునకు ఆధారమైనది వృత్తి, మనస్సు మొగ్గు చూపునది ప్రవృత్తి. ఈ రెండును ఒకటే యైనవాడు ధన్యుడు. కానిచో, వృత్తికొరకు ప్రవృత్తిని చంపుకొననక్కరలేదు. 1913లో శ్రీకాకుళము ప్రాంతపు ప్రియాగ్రహారమున జన్మించిన శ్రీపాద పినాకపాణిగారు వైద్యులు. కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యులుగా పనిచేసిరి. వారే కర్ణాటక సంగీతమున మహావిద్వాంసులై, పెక్కుమంది శిష్యులను తీర్చిదిద్ది, 1983లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదును పొందిరి. నూరవయేట, 2013లో గతించువరకు సంగీతమును విడువలేదు. కావున మీ పిల్లవానికి పాటయో నాటకమో ఆటయో ప్రియమైనచో, అదిలింపకుడు. దానితో కడుపు నిండునా యని నెమ్మదిగా విచారింపుడు. నిండనిచో, వేరొక వృత్తి ప్రక్కన దానికిని చోటు చూపుడు.

ఇచ్చట కొందరు పెద్దలు, "పదునైదేండ్లవానికి ఏమి తెలియును? మొక్కై వంగనిది మానై వంగునా?" అని అడుగుదురు. సత్యమే. మొక్కను వంచవలసినదే. కాని ఎంత వంచినను వేపమొక్క మామిడి కాదు. వంచవలసినది నడవడిని, జాతిని కాదు. పిల్లవానికి అన్నియు తెలియవు గనుకనే పెద్దల అవసరము. అయితే పెద్దల పని సారథ్యము. దారి చూపి గుంటలను తప్పింపవలెను. యుద్ధము చేయవలసినవాడు రథికుడు. మన తాతలనాడు కమ్మరి కొడుకు కమ్మరి, కుమ్మరి కొడుకు కుమ్మరి. ఎన్నుకొనుట అను మాటయే లేకుండెను. ఎందరి ప్రజ్ఞయో ఆ కట్టుబాటులో అణగిపోయెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పందొమ్మిదవ అధికరణమున, ఏ వృత్తినైనను అవలంబించు స్వేచ్ఛను పౌరునికి ఇచ్చినది. పౌరునికి అనియే అందున్నది గాని, పౌరుని మేనమామకు అని లేదు. నాటి కులనిర్బంధమును తొలగించుకొని, దాని స్థానమున మార్కుల నిర్బంధమును తెచ్చిపెట్టుకొన్నచో మనము పొందినదేమి?

ఆడబిడ్డల విషయమున ఈ నాలుగు ప్రశ్నలు అడుగుటయే అపురూపము. పెండ్లికి వేచియుండు కాలమున ఏదో ఒకటి చదివింతమను తలంపు ఇంకను మనలో పోలేదు. 2013లో ఒక తాతగారు తన మనుమరాలిని బై.పి.సి.లో చేర్పింపదలచి, నా అభిప్రాయమడిగిరి. అప్పటికి నాకు బుద్ధి వచ్చియుండెను. సమాధానము చెప్పక, ఆ బాలిక ఇంటియొద్ద ఏమి చేయుచుండునని అడిగితిని. తల్లియొక్క డ్వాక్రా సంఘపు లెక్కల పుస్తకమును పదుమూడవ యేటినుండి ఆమెయే వ్రాయుచున్నదనియు, పది రూపాయలు తేడా వచ్చినను రాత్రి నిద్రపోదనియు చెప్పిరి. "ఇక నన్నడుగుటయేల? ఆమెనే అడుగుడు" అంటిని. అడిగిరి. ఆమె సి.ఇ.సి. కోరినది. వాణిజ్యశాస్త్రమున పట్టభద్రురాలై, పిదప గుంటూరులో ఒక ఆడిటరు కార్యాలయమున కుదురుకొన్నది. ఆ తాతగారు తమ భూమిలో ఒక్క సెంటును అమ్మలేదు.

పెద్దలారా, నేను మిమ్ము కోరునది స్వల్పము. ఈ యేడు ఫలితములు వచ్చిన సాయంకాలము రచ్చబండకు పోవుటకు ముందు, మీ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "నీకేమి చేయవలెనని యున్నది?" అని అడుగుడు. అడిగి, సమాధానము వచ్చువరకు మౌనముగా ఉండుడు. మొదట ఏమియు చెప్పడు. ఇంతవరకు ఎవ్వరును అడుగలేదు గనుక చెప్పుట అలవాటు లేదు. మరునాడు మరల అడుగుడు. సమాధానము వచ్చిన పిదప ఆ నాలుగు ప్రశ్నలతో దానిని పరీక్షింపుడు. అది నిలిచినచో వెనుక నిలువుడు. నిలువనిచో, కోపింపక కారణము చెప్పుడు.

ఇటీవల మా యింటి మోటారు చెడగా, దానిని ఆటోలో వేసికొని నా పాత శిష్యుని అంగడికి పోతిని. అతడు నమస్కరించి, కుర్చీ వేసి, మోటారును బల్లమీద పెట్టి ఒకమారు త్రిప్పి, చెవి యొగ్గి వినెను. నాడు పాఠశాల బోరుబావియొద్ద చూచిన వెలుగే అతని ముఖమున మరల కనబడెను. నాడును నేను దానిని చూచితిని గాని, గుర్తింపనైతిని. మీ యింటి బిడ్డ ముఖమున అట్టి వెలుగు ఎప్పుడు కనబడునో కనిపెట్టియుండుడు.